పాత దేవిడీ ముఖద్వారానికి మరమ్మతా? గడప కదిపే ముందు ఇవి తెలుసుకోండి

తాతల నాటి ఇల్లు. వీధిలోకి తెరుచుకునే పెద్ద కమాను. టేకు తలుపులు రెండు రెక్కలు, ఒక రెక్కలో మనిషి వంగి వెళ్లే దిడ్డి. పైన గచ్చు పూలు సగం రాలిపోయాయి. వానాకాలం వస్తే గడప మీదుగా నీళ్లు లోపలికి వస్తున్నాయి. అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకున్నారు. కమాను తీసేసి, పిల్లర్లు పోసి, కారు పట్టేలా గేటు పెట్టుకుంటే సరిపోతుందని ఒకరు అన్నారు. ఉన్నది ఉన్నట్టు బాగు చేయిద్దామని మరొకరు అన్నారు. మేస్త్రీని పిలిస్తే 'సిమెంటు కొట్టేద్దాం సార్, నాలుగు రోజుల పని' అని తేల్చేశాడు.

హైదరాబాద్ పాతబస్తీలోనే కాదు, వరంగల్ కోట లోపల, లేపాక్షి గుడి పరిసరాల్లో పాత ఇళ్లున్న కుటుంబాలకూ ఈ సందిగ్ధం తెలిసిందే. ఇక్కడ తొందరపడితే రెండు నష్టాలు. ఒకటి చట్టపరమైనది. రెండోది, తీసేసిన కమానును మళ్లీ కట్టుకోవడానికి కొన్నిచోట్ల అనుమతే రాకపోవచ్చు. అసలు ఏ ఇంటికి ఏ నిబంధన వర్తిస్తుంది? ఎవరిని అడగాలి? పని ఎలా చేయించాలి? వివరంగా చూద్దాం.

ముఖద్వారానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

హైదరాబాద్‌లో ప్రభువుల భవంతులను దేవిడీ అంటారు. ఆ మాటకు అసలు అర్థం గడప, వాకిలి. అంటే ఇంటి మొత్తానికీ దాని వాకిలి పేరే పెట్టారన్నమాట. వీధికి కనిపించేది అదే, ఆ ఇంటి కాలాన్నీ తీరునూ చెప్పేదీ అదే.

సాలార్‌జంగ్‌ల నివాసమైన దివాన్ దేవిడీ సంగతి చూడండి. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం మొదలైంది అందులోనే. 1968లో మ్యూజియం ఇప్పుడున్న భవనానికి మారింది. తర్వాత దేవిడీ కనుమరుగైంది. ఇవాళ ఆ చోట పాత జ్ఞాపకంగా మిగిలినవి ద్వార కమానులే.

వారసత్వ భవనంగా గుర్తించిన ఇంట్లో అధికారులు ముందుగా చూసేదీ వీధి వైపు ముఖభాగాన్నే. లోపల వంటగది మార్చుకోవడం, వీధి వైపు కమాను మార్చడం ఒకే లెక్కలోకి రావు.

మీ ఇల్లు ఏ జాబితాలో ఉంది?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. స్థూలంగా మూడు రకాల రక్షణలు ఉన్నాయి.

మొదటిది కేంద్రం రక్షణ. చార్మినార్, గోల్కొండ కోట, వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, లేపాక్షి వీరభద్రాలయం వంటివి భారత పురావస్తు సర్వే సంస్థ, అంటే ఏఎస్ఐ పరిధిలో ఉన్నాయి. సొంత ఇళ్లు ఈ జాబితాలో ఉండటం అరుదు. కానీ వాటి పక్కనే ఉన్న ఇళ్లకు ఈ చట్టం గట్టిగా తగులుతుంది. అదెలాగో కింద చూద్దాం.

రెండోది రాష్ట్రం రక్షణ. తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి పురాతన, చారిత్రక కట్టడాల చట్టం ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన కట్టడాలకు ఇవి వర్తిస్తాయి.

మూడోది నగర జాబితా. దేవిడీలు, బంగళాలు, పాత నివాసాలు ఎక్కువగా కనిపించేది ఇందులోనే. హైదరాబాద్‌లో 1981 నాటి జోనింగ్ నిబంధనలకు 1995లో 13వ నిబంధనను చేర్చి వారసత్వ భవనాల జాబితా ప్రకటించారు. ఆ జాబితాలోని భవనాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా, చివరికి మరమ్మతు చేసి రంగులు వేయాలన్నా ముందస్తు అనుమతి కావాలని అందులో ఉంది.

ఆ నిబంధన తీసేశారు కదా, ఇంకా అడగడం ఎందుకు?

చాలామంది యజమానులకు వచ్చే సందేహమే ఇది. 13వ నిబంధనను 2015 డిసెంబరులో తొలగించిన మాట నిజం. తర్వాత 2017లో రాష్ట్ర వారసత్వ చట్టం వచ్చింది. ఈ మధ్యకాలంలో 'ఇక అడ్డేమీ లేదు' అన్న ప్రచారం బాగా జరిగింది.

ఇర్రమ్ మంజిల్ కేసు ఈ ప్రచారానికి జవాబు. ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న ఆ నివాస భవనాన్ని కూల్చి కొత్త శాసనసభ కట్టాలని 2019 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. దాన్ని సవాలు చేస్తూ హైకోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి. నిబంధన పోయింది కాబట్టి రక్షణ కూడా పోయినట్టే అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. 2019 సెప్టెంబరు 16న మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది.

దీని నుంచి సామాన్య యజమాని గ్రహించాల్సింది ఒకటే. ప్రభుత్వానికే చెల్లని మాట మనకు చెల్లుతుందని అనుకోవద్దు. మీ ఇల్లు 1995 జాబితాలో ఉంటే, అనుమతి అక్కర్లేదని కాంట్రాక్టర్ చెప్పినా నమ్మి పని మొదలుపెట్టకండి.

జాబితాలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మున్సిపల్ కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగానికి, హైదరాబాద్ అయితే హెచ్ఎండీఏ ప్లానింగ్ విభాగానికి కూడా ఇంటి నంబరు, సర్వే లేదా టౌన్ సర్వే నంబరు, రెండు ఫొటోలతో లేఖ రాయండి. 'ఈ భవనం ఏదైనా వారసత్వ జాబితాలో గానీ, వారసత్వ ప్రాంతంలో గానీ ఉందా? ముఖద్వారం మరమ్మతుకు ఎవరి అనుమతి కావాలి?' అని రెండే ప్రశ్నలు అడగండి. రసీదు తీసుకోండి.

సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అవే ప్రశ్నలు అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కౌంటర్ దగ్గర నోటిమాటగా 'ఏం కాదు, చేసుకోండి' అంటే దానికి విలువ లేదు. రేపు నోటీసు వస్తే చూపించడానికి కాగితం ఉండాలి.

ఆన్‌లైన్‌లో స్వీయ ధ్రువీకరణతో ఇంటి అనుమతులు వస్తున్న రోజులివి. అయితే అందులో నింపిన వివరాలకు బాధ్యత యజమానిదే. వారసత్వ భవనమన్న సంగతి దాచి తీసుకున్న అనుమతి తర్వాత నిలబడదు.

100 మీటర్లు, 200 మీటర్లు: అసలు లెక్క ఇదీ

మీ ఇల్లు ఏ జాబితాలో లేకపోయినా, కేంద్ర రక్షిత కట్టడానికి దగ్గర్లో ఉంటే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం వర్తిస్తుంది. దీనికి 2010లో కీలక సవరణ జరిగింది.

రక్షిత ప్రాంతం సరిహద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం. అక్కడి నుంచి మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం. కొలత కట్టడం గోడ నుంచి కాదు, రక్షిత ప్రాంతపు హద్దు నుంచి మొదలవుతుందని గమనించాలి.

నిషేధిత ప్రాంతంలో కొత్త నిర్మాణానికి అనుమతి లేదు. అయితే 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి దరఖాస్తు చేయొచ్చు. ఆ తర్వాత ఏఎస్ఐ డైరెక్టర్ జనరల్ ఆమోదంతో కట్టిన ఇళ్లకూ ఈ వెసులుబాటు ఉంది.

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. చట్టం దృష్టిలో మరమ్మతు వేరు, పునర్నిర్మాణం వేరు. ఉన్న కట్టడంలో మార్పుచేర్పులు చేస్తే మరమ్మతు. పాతదాన్ని తీసేసి అదే పొడవు, అదే ఎత్తులో తిరిగి కడితే అది పునర్నిర్మాణం. నియంత్రిత ప్రాంతంలో రెండింటికీ దరఖాస్తు చేసుకోవచ్చు. నిషేధిత ప్రాంతంలో మాత్రం దరఖాస్తుకు అవకాశం ఉన్నది మరమ్మతుకే.

ఒక ఉదాహరణ అనుకుందాం. చార్మినార్ హద్దు నుంచి 80 మీటర్ల దూరంలో మీ కమాను ఉంది. పగుళ్లిచ్చింది కానీ నిలబడి ఉంది. మరమ్మతుకు అడిగే దారి మీకు ఉంది. 'ఎలాగూ పాతదే కదా, దించేసి అచ్చం అలాగే కడదాం' అని కూల్చారో, ఆ దారి మూసుకుపోయినట్టే. అందుకే నిలబడి ఉన్న కమానును పడకుండా కాపాడుకోవడం అన్నిటికంటే ముఖ్యం.

అనుమతి లేకుండా పని చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రెండు ప్రాంతాలకూ ఈ శిక్షే.

దరఖాస్తుకు ఎన్ని రోజులు పడుతుంది?

ఆ రాష్ట్రానికి నియమించిన కాంపిటెంట్ అథారిటీకి దరఖాస్తు చేయాలి. వారు 15 రోజుల్లో దాన్ని నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి పంపాలి. అథారిటీ రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి. అది అందిన నెల రోజుల్లో అనుమతి ఇచ్చిందీ లేనిదీ దరఖాస్తుదారుకు తెలియజేయాలి. అన్నీ కలిపితే మూడున్నర నెలలు. తిరస్కరించేముందు యజమాని వాదన వినాలని, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది.

జూన్‌లో వానలు మొదలవుతాయి. అంతకుముందే పని పూర్తి కావాలంటే దసరా, దీపావళి నాటికే కాగితాలు సిద్ధం చేసుకోవడం మేలు. ఎండలు ముదిరాక దరఖాస్తు పెట్టి, వానలో గోడ తెరిచి కూర్చోవడం కంటే అది నయం.

ఏ కాగితాలు ఉంచుకోవాలి?

దస్తావేజు నకలు, వాటాదారులందరి సంతకాలతో సమ్మతి పత్రం, ఇల్లు 1992కు ముందు నుంచీ ఉందని చూపే పాత ఆస్తి పన్ను రసీదులు లేదా నల్లా, కరెంటు బిల్లులు. వీటితో పాటు ముఖద్వారం కొలతలతో గీసిన నక్ష, నాలుగు వైపుల నుంచి ఫొటోలు, పని వివరం. 'ముఖద్వారం మరమ్మతు' అని ఒక్క ముక్కలో రాయకండి. ఎడమ స్తంభం అడుగున మూడు అడుగుల మేర గచ్చు మార్పు, కుడి తలుపు కింది పట్టీ మార్పు అని అంశాల వారీగా రాయండి. అడిగింది చిన్నదని, తిరిగి పాత రూపే వస్తుందని అధికారికి అర్థమైతే అభ్యంతరాలు తగ్గుతాయి.

ఉమ్మడి ఆస్తి అయితే సమ్మతి పత్రం దగ్గరే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి. అమెరికాలో ఉన్న తమ్ముడి సంతకం కూడా ముందే తెప్పించుకోండి.

శిథిల భవనమని నోటీసు వస్తే?

వానాకాలానికి ముందు మున్సిపల్ సిబ్బంది పాత భవనాలను చూసి నోటీసులు ఇస్తుంటారు. నోటీసు అనగానే కూల్చివేతే అని కంగారు పడొద్దు. ప్రమాదకరంగా ఉన్న భాగాన్ని కూల్చడమే కాదు, దన్ను పెట్టి భద్రపరచడం, బాగు చేయడం కూడా మార్గాలే. వెంటనే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి నివేదిక తీసుకోండి. కమాను కింద రాకపోకలు ఆపి, కర్ర లేదా ఇనుప దన్నులు పెట్టించండి. ఆ ఫొటోలు, నివేదిక జతచేసి గడువులోగా జవాబు ఇవ్వండి. జవాబు లేని నోటీసే తర్వాత కూల్చివేతకు దారి తీస్తుంది.

ఒక్క మాట మాత్రం మరవకూడదు. వారసత్వం కంటే ప్రాణం ముఖ్యం. ఇంజినీరు ప్రమాదం ఉందంటే ఆ దారిన పిల్లల్ని పంపకండి. రాకపోకలకు పక్క తలుపు వాడుకోండి.

సిమెంటు ఎందుకు వద్దంటారు?

పాత కమానులు కట్టింది రాయి లేదా ఇటుక, డంగు సున్నంతో. సున్నం గచ్చు గోడలోని తేమను బయటికి వదులుతుంది. నేల నుంచి ఎక్కిన తడి అలా ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి లోపలే ఉండి ఉప్పు పేరుకుంటుంది. కొన్నేళ్లకు సిమెంటు పెచ్చు ఊడుతూ తనతో పాటు పాత ఇటుక ముఖాన్నీ లాక్కుపోతుంది. ప్లాస్టిక్ పెయింట్ల వల్ల వచ్చే చిక్కూ ఇదే. అందుకే సున్నం గోడకు సున్నపు వెల్లే సరైన జోడు.

సున్నం పని నెమ్మదైనది. బాగా నానిన సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో ఆడిస్తారు. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం, మారేడు గుజ్జు, మినుముల జిగురు లాంటివి కలపడం మన దగ్గర పాత పద్ధతి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ సున్నం గట్టిపడుతుంది. కాబట్టి ఒకేసారి మందంగా కొట్టకుండా పలచగా, పొరలు పొరలుగా వేయాలి. తడి గోనెపట్టాలు కప్పి ఎండ నేరుగా తగలకుండా చూసుకోవాలి. నాలుగు రోజుల్లో అయ్యే పని కాదు.

2019 మేలో చార్మినార్ మినారు నుంచి గచ్చు పెచ్చు ఒకటి ఊడిపడింది. నాలుగు శతాబ్దాల నాటి ఆ కట్టడానికి ఏఎస్ఐ చేయించే మరమ్మతులు సున్నంతోనే. ఇంటి కమానుకూ అదే సూత్రం.

పని ఏ వరుసలో చేయించాలి?

ముందు నీటి సంగతి చూడాలి. పాత వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో గడప వీధి కంటే కిందికి పోయింది. వాన నీరు స్తంభాల అడుగుకు చేరుతోంది. ఇది సరిచేయకుండా పైన ఎంత గచ్చు కొట్టినా వృథా. గడప ముందు అడ్డంగా చిన్న కాలువ, దానికి వాలు, పైన జాలీ పెడితే చాలావరకు తీరుతుంది. వీధి స్థలంలోకి వస్తే మున్సిపాలిటీని అడగాలి. గడప ఎత్తడం మాత్రం చివరి మార్గం కావాలి. దాంతో తలుపులు కింద కోయాల్సి వస్తుంది.

తర్వాత కమాను. పగులు కొత్తదా పాతదా తేల్చడానికి దాని మీద అడ్డంగా గాజుపలక అతికించి తేదీ రాస్తారు. పలక పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. అప్పుడు పునాది చూడకుండా పగులు పూడ్చకూడదు. కమాను మొలిచిన రావి మొక్కను పీకితే రాళ్లు కదులుతాయి. కాండం కోసి, వేరు చచ్చాక మెల్లగా తీయాలి.

ఆ తర్వాత గచ్చు పూలు, అంచులు. మిగిలినవాటి అచ్చు తీసుకుని రాలిన చోట మాత్రమే పోయాలి. అన్నీ కొట్టేసి కొత్తవి పెట్టడం సులువే కానీ అది మరమ్మతు అనిపించుకోదు.

చివరగా తలుపులు. పుచ్చిన ముక్క వరకే కోసి, అదే జాతి పాత టేకుతో అతుకు వేయగల వడ్రంగిని వెతకండి. కింది పట్టీ, గడప తగిలే చోటు తప్ప మిగతా చెక్క తరచూ బాగానే ఉంటుంది. ఇత్తడి బొడిపెలు, గొళ్లేలు, సీలలు విప్పేముందు ఫొటో తీసి నంబరు వేసి ఇంట్లో పెట్టుకోండి. పాత సామాను బజారులో వీటికి గిరాకీ ఉంది. పని స్థలంలో వదిలేస్తే మాయమవుతాయి.

మేస్త్రీకి చదరపు అడుగు లెక్కన గుత్తకు ఇవ్వడం కంటే అంశాల వారీగా, రోజు కూలి పద్ధతిన చేయించడం మంచిది. ముందు కనిపించని మూల రెండడుగుల మేర నమూనా కొట్టించి, ఆరాక చూసి ముందుకెళ్లండి.

కారు కోసం కమాను వెడల్పు చేయొచ్చా? మల్గీకి షట్టర్ పెట్టొచ్చా?

కమాను నిలబడేది రెండు వైపుల స్తంభాల ఒత్తిడి మీద. ఒకవైపు అడుగు కోసినా మొత్తం దిగుతుంది. జాబితాలో ఉన్న ఇంటికి ఇలాంటి మార్పునకు అనుమతి దొరకడమూ కష్టమే. ఇంటికి పక్క సందు ఉంటే అటు గేటు అడగడం తేలిక. షట్టర్ తప్పదనుకుంటే కమాను ముందు కాదు, లోపలి వైపు, గోడను కొట్టకుండా ఫ్రేము మీద నిలిపేలా అడిగి చూడండి. తర్వాత తీసేస్తే పాత రూపు మిగలాలి.

సాయం ఎవరు చేస్తారు?

వారసత్వ సంరక్షణ కోసం పనిచేసే ఇంటాక్ సంస్థకు హైదరాబాద్‌లో శాఖ ఉంది. సున్నం పని తెలిసినవాళ్ల గురించి, నక్షలు గీసే ఆర్కిటెక్టుల గురించి అక్కడ అడగొచ్చు. ఆర్కిటెక్చర్ కాలేజీలు కూడా ఒక దారి. విద్యార్థులు ప్రాజెక్టు పనిగా కొలతలు తీసి నక్షలు గీస్తుంటారు.

డబ్బు విషయంలో ప్రైవేటు యజమానికి నేరుగా చేతికందే సాయం తక్కువే. వారసత్వ భవనాన్ని కూల్చకుండా కాపాడినందుకు బదులుగా టీడీఆర్, అంటే బదలాయించుకోదగిన అభివృద్ధి హక్కు ఇచ్చే ఏర్పాటు ఉంది. మీ స్థలంలో కట్టుకోలేకపోయిన విస్తీర్ణాన్ని హక్కుగా మార్చి బిల్డర్లకు అమ్ముకోవచ్చు. మీకు వర్తిస్తుందో లేదో టౌన్ ప్లానింగ్ విభాగాన్ని రాతపూర్వకంగా అడిగాకే లెక్కలు వేసుకోండి.

పని మొదలుపెట్టే ముందు ఇవి ఉన్నాయా?

జాబితా గురించి రాతపూర్వక జవాబు. రక్షిత కట్టడం హద్దు నుంచి దూరం. వాటాదారుల సమ్మతి. ఇంజినీరు నివేదిక. కొలతల నక్ష, ఫొటోలు. అనుమతి పత్రం. సున్నం తెలిసిన మేస్త్రీ. ఈ ఏడూ చేతిలో ఉంటే పార పట్టొచ్చు. ఒక్కటి తక్కువైనా, కమానుకు దన్ను పెట్టి ఆగండి. నిలబడి ఉన్నంత కాలం దాన్ని బాగు చేసుకునే అవకాశం ఉంటుంది, కూల్చాక ఉండదు.